వేళ్లకందే బ్రేకు

“మూడు చక్రాలదా? ఆ మాట తన చెవిన పడిందంటే నన్నే దాని మీద ఎక్కించి ఊరంతా తిప్పుతుంది,” అన్నాడు పెద్దాయన, కుర్చీలో ఇబ్బందిగా కదులుతూ.

పడిపోని సైకిలు కావాలని ఆయనే అడిగితే మూడు చక్రాలది చూపించబోయిన సైకిళ్ల షాపావిడ నవ్వు ఆపుకుంది. బయట చినుకులు పడుతున్నాయి. నెత్తిన ఒక్క నల్ల వెంట్రుకైనా లేని ఆ పెద్దాయన వచ్చిన దగ్గర్నుంచీ గాజు తలుపు వైపే చూస్తున్నాడు. సైకిలు ఎవరికో చెప్పకుండా ముందు ఓ దారం ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“నడుము నుంచి మడమ దాకా కొలత. నిద్రపోతుంటే తీశాను. బడి అయ్యాక ఇటు రమ్మన్నాను, ఈలోపే మనం ఎంచి పెట్టాలి. వచ్చాక మన మాట చెల్లదు.”

దారం పొట్టిగా ఉంది. మనవరాలన్నమాట, అనుకుంది షాపావిడ.

“పాప ఇంకా ఎత్తు పెరుగుతుందా బాబాయ్? సీటు జరుపుకునే వీలుండాలి కదా!”

“ఆ ముచ్చటేం లేదు. ఉన్నది ఉంటే చాలు.” పెద్దాయన మీసాల చాటున నవ్వుకున్నాడు. “పాప అని మాత్రం తన ముందు అనకు అమ్మాయ్, మండిపడుతుంది.”

“ఆ వయసే అంత లెండి. రోజూ సైకిలు మీదేనా?”

“రోజూ. వాగు పక్కన చెట్ల మధ్య సైకిళ్ల బాట ఉంది చూడు, దాని మీదే. వానైనా మంచైనా బడి మానదు. మధ్యాహ్నం పిల్లలంతా చుట్టూ మూగుతారట, కథ చెబితే గాని వదలరట.”

ఆ బాట షాపావిడకు తెలుసు. చెట్ల వేళ్లు పైకి లేచిన నేల, నాచు పట్టిన చెక్క వంతెన. మోకాళ్ల నొప్పులని నలభై నిండకుండానే ఆమె తన సైకిలును అటకెక్కించింది. సైకిళ్లు అమ్మే మనిషి షాపుకు కారులో వస్తోంది.

“ఒంటరిగా భయం వేయదా?”

“తనకా! మలుపు మలుపుకీ బెల్లు కొడుతుంది. తడి వంతెన మీద దిగి నడిపించుకెళ్తుంది. మొన్న గాలివానకి బాటకి అడ్డంగా చెట్టు పడితే గేర్ల సైకిళ్ల కుర్రాళ్లంతా వెనక్కి మళ్లబోయారట. వాళ్లని ఆపి, వాళ్ల చేతే కొమ్మలు లాగించి, అందరికంటే ముందు తనే దాటిందట.”

షాపావిడ ముందుకు వంగింది. “అంత బాగా తొక్కుతుంటే మరి కొత్తదెందుకు?”

పెద్దాయన గొంతు తగ్గింది.

“పోయిన నెల పడింది. మోచేతి దెబ్బ నాకు కనబడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకు తిరిగింది. బట్టలు ఉతుకుతుంటే రక్తం మరక కనబడింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. తనకేమైనా అయితే...” గాజు తలుపు వైపు ఓసారి చూశాడు. “సైకిలు తాళం దాచేశాను.”

“ఊరుకుందా?”

“అంత దూరం నడిచి వెళ్లింది. సాయంత్రం కాళ్లు వాచి వచ్చి, నా ఎదురుగానే వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుంది. మర్నాడు మళ్లీ చెప్పులు తొడుక్కుంది. నేనే తాళం తెచ్చిచ్చాను.”

షాపావిడ చెక్కిట చెయ్యి పెట్టుకుని వింటోంది. ఎంత పట్టుదల! తనకు అందులో పిసరంతైనా లేకపోయిందే అనిపించింది.

“ఇప్పుడు తొక్కుతున్నది ఏ సైకిలు?”

“మా నాన్నది. అడ్డకమ్మీ ఉన్న మగాళ్ల సైకిలు, ఇనుప ఏనుగు. ఆపితే కాలు నేలకి అందదు. దాన్ని వదలమంటే ప్రాణం పోయినట్టు చూస్తుంది. ఆ బెల్లునైతే రోజూ తుడుస్తుంది.” కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇవాళ తేలిపోవాలి అమ్మాయ్. కొత్తది ఎక్కితే సరే. లేదంటే ఆ బాట మీదికి ఇక వెళ్లనివ్వను. జన్మంతా నాతో మాట్లాడకపోయినా సరే.”

ఎప్పుడో పోయిన ముత్తాత సైకిలంటే ఇంత ప్రేమా! షాపావిడ లోపలికెళ్లి ఫ్రేము బాగా కిందికి వంగిన సైకిలొకటి నడిపించుకొచ్చింది. కాలు ఎత్తి వేయక్కర్లేదు. టైర్లు వెడల్పువి, తడి చెక్క మీదా పట్టు ఉంటుంది. దారంతో కొలిచి, రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించింది.

“బ్రేకు కాస్త దగ్గరికి రావాలి. తన వేళ్లలో బలం తక్కువ,” అన్నాడు పెద్దాయన.

ఆమె మర బిగించి దగ్గరికి జరిపింది. ఆయన చిటికెన వేలితో నొక్కి చూశాడు. మళ్లీ నొక్కి చూశాడు.

“నచ్చకపోతే?”

“నేనే మీ ఇంటికొచ్చి ఎక్కమని అడుగుతాను. కావాలంటే ఆ బాట మీద తన వెనకే తొక్కుకుంటూ వస్తాను బాబాయ్.” ఆ మాట తన నోట ఎలా వచ్చిందో షాపావిడకే తెలియలేదు.

బయట బెల్లు మోగింది. పెద్దాయన చటుక్కున లేచి నిలబడ్డాడు.

గాజు తలుపు అవతల, పసుపు వానకోటులో బక్కపలుచని చిన్న ఆకారం. కోటు టోపీ కళ్లను కప్పేసింది. ఎత్తైన నల్ల సైకిలును మెట్టు పక్కకు చేర్చి, మెట్టు మీద కాలు మోపి ఒడుపుగా దిగింది. ఆ ఉపాయానికే షాపావిడ ముచ్చటపడిపోయింది. ఆ ఆకారం అద్దంలోంచి కొత్త సైకిలును చూసింది, పెద్దాయనను చూసింది. జేబులోంచి చిన్న పానా తీసి పాత సైకిలు హ్యాండిలు మీదకు వంగింది.

నీళ్లోడుతూ లోపలికి వచ్చి, నేరుగా కొత్త సైకిలు దగ్గరికెళ్లి టైరు నొక్కింది, బ్రేకు పట్టింది, షాపావిడకు వీపు చేసి సీటెక్కింది. రెండు పాదాలూ నేలను తాకాయి.

తడి పిడికిలి తెరుచుకుంది. అద్దంలా మెరుస్తున్న పాత బెల్లు ఆయన చేతిలో పడింది.

“ఒరే, ఇది దీనికి బిగించి మీ అమ్మకి దారివ్వు.”