కుట్టుమిషనంత

లేత్ మిషన్ సందు మొదట్లో కూర్చుంది, పెళ్లిలో అలిగిన మేనమామలా.

సందులోకి క్రేన్ పట్టదు. చెన్నై ఓడలో దీవికొచ్చినదాన్ని అక్కడే దించేసి, క్రేన్ డ్రైవరు వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

బతు బస్తీలో రాకపోకలన్నీ స్తంభించాయి. రెండు స్కూటీలు, ఒక మేక.

కాసులమ్మ మిషన్ చుట్టూ ప్రదక్షిణం చేసి కూతురి ముందు ఆగింది.

"కుట్టుమిషనంత ఉంటాదన్నావు గదే!"

"దూరం నుంచి సూత్తే అంతేనమ్మా," అంది కళ.

"ఎంత దూరం? వైజాగ్ నుంచా?"

కళ ఐటీఐలో, లేత్ మీద ఇనుము చెక్కే టర్నర్ కోర్సు చేసింది. ఇంట్లోనే పడవ ఇంజన్ల షాఫ్టులు చేస్తానంటే అమ్మ సరేనంది.



ఇంటికున్నది ఒకటే రేకుల షెడ్డు. అందులో నాన్న పడవ ఉంది.

మోకాళ్లు పోయి సత్యారావు సముద్రం మీదికెళ్లి రెండు వానాకాలాలైంది. అయినా రోజూ పొద్దున్నే పడవని తడిగుడ్డతో తుడుస్తాడు. కింద లావుపాటి దుంగలు అలాగే ఉంచాడు, రేపే నెట్టుకెళ్లాలన్నట్టు.

పడవ తియ్యమని అడగలేకే కళ కుట్టుమిషనంది. కుట్టుమిషనైతే మూల సరిపోతుంది.

"అందరూ పట్టండి! జోర్ లగాకే... హైసా!" పక్కింటి ఉమేష్ అరిచాడు.

మిషన్ తప్ప అందరూ కదిలారు.

ఇంకోసారి. దొర్లించడానికి మిషన్ కింద పెట్టిన ఇనప పైపులు, వానకి నానిన నేలలోకి టీలో బిస్కెట్లలా దిగిపోయాయి. సాయానికొచ్చిన గోపినాథ్ మాస్టారి చెప్పు కూడా. అదింకా దొరకలేదు.

"దీదీ, దీని చుట్టూ ఇక్కడే గోడలు కట్టేద్దాం," అన్నాడు ఉమేష్. "సందు పోతే పోయింది."

అందరూ నవ్వారు. కళ ఆకాశం వైపు చూసింది. మళ్లీ మబ్బు పట్టింది. తడిస్తే తుప్పే.

అరుగు మీంచి సత్యారావు లేచాడు.

"ఉమేషూ, ఇటు రండర్రా. ముందు నా డుంగీ పడవని బయటెడదాం."

పడవ దుంగల మీద దొర్లుకుంటూ పెరట్లోకి వెళ్లింది, బాగా అలవాటైన దారన్నట్టు.

అక్కడ సత్యారావు వంగాడు. ఒక్కొక్క దుంగే ఆయనే లాగేశాడు.

"చాచా, నేలకి ఆనించేత్తే మళ్లీ లేపడం కష్టం," అన్నాడు ఉమేష్.

"ఊఁ."

పడవ ఒక పక్కకి ఒరిగి, పొట్ట మట్టికి ఆనించింది.

కాసులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నానా..." అంది కళ.

"పెన్సిళ్లేసి ఏనుగుని లాగుతారేటే? దుంగలెయ్యండి."

ఆయన మిషన్ ముందు నిలబడి, చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు.

"ఐలెసా... ఐలెసా!"

ఆ కేకకి అవతలి షాదీపూర్‌ బస్తీలో కుక్కలు లేచుంటాయి. మిషన్ కూడా లేచింది.

వెనక దుంగ తీసి ముందుకి, మళ్లీ వెనకది ముందుకి. సందు దాటి, షెడ్డులోకొచ్చింది.

"తిప్పండి," అన్నాడు సత్యారావు.

తిప్పారు.

"ఇంకా."

నాలుకలు బయటపెట్టి తిప్పారు. మిషన్ తల గుమ్మం వైపుకి, గుమ్మంలోంచి కనిపించే సముద్రం వైపుకి వచ్చింది.

అప్పుడు చాలన్నాడు. ఒడ్డుకి లాగిన పడవని మళ్లీ సముద్రానికేసి తిప్పి పెడితేగానీ ఆయన ఏనాడూ ఇంటికి వచ్చింది లేదు.

ఉమేష్ కళ చెవిలో గొణిగాడు. "దీదీ, ఉల్టా అయిపోయింది. మోటారు ఇటొచ్చింది, కరెంటు పాయింటేమో ఆ గోడకుంది. మళ్లీ తిప్పమంటావా?"

సత్యారావు పడవ తుడిచే గుడ్డతో మిషన్ తుడుస్తున్నాడు. నెమ్మదిగా, తల దగ్గర్నుంచి మొదలుపెట్టి.

"వద్దురా," అంది కళ. "బజారుకెళ్లి పొడుగు వైరు తీసుకురా."