వద్దనే పక్షం

“చదివాక ఉద్యోగం రాకపోతే?” అంది తల్లి, తరుగుతున్న ఉల్లిపాయ పక్కన పెట్టి.

“వస్తుంది,” అంది కూతురు.

“రాకపోతే అంటున్నాను.”

తండ్రి గోడకి చేరబడి టీ తాగుతున్నాడు. సామాన్ల వ్యాను తోలుకునే మనిషి. ఆదివారం ఇంట్లో ఉన్న పాపానికి ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాడు. వాదన ముగిసేదాకా ఆయన నోరు విప్పకూడదు. ముగిశాక ఆయన మాటే ఆఖరి మాట. ఆ ఇంట్లో పెద్ద అప్పు ఏదైనా అలాగే తేలుతుంది, ఇద్దరు వాదించడం, మూడో మనిషి తీర్పు చెప్పడం.

ఇప్పుడు తేలాల్సింది ఎన్విరాన్‌మెంటల్ టెక్నాలజీ డిగ్రీ సంగతి. మూడేళ్ళ చదువు. సీటు వచ్చింది. నాలుగు లక్షలు ఇస్తామని బ్యాంకువాళ్ళన్నారు. రేపు సాయంత్రంలోగా కాలేజీకి ఏదో ఒకటి చెప్పకపోతే ఆ సీటు ఇంకొకళ్ళది.

“మూడేళ్ళూ ఇంట్లో ఒక జీతం ఆగిపోతుంది. అది లెక్కేశావా?”

బట్టల కొట్లో బిల్లులు కొట్టే కూతురిది తొమ్మిది వేలు. నీళ్ళు పరీక్షించే ల్యాబులో సీసాలు కడిగే తల్లిదీ అంతే. ఏది ఆగినా ఇల్లు ఒక పక్కకి ఒరుగుతుంది.

“వేశాను. రెండో జీతం ఉంది, వ్యాను ఉంది. గట్టిగా పట్టుకుంటే గడిచిపోతుంది.”

“వ్యాను పాడైతే? మీ నాన్న మంచానపడితే?”

తండ్రికి పొలమారింది. బతికుండగానే ఆయన్ని మంచానపడేయడం భార్యకి కొత్తేం కాదు. తలుపు చప్పుడైతే దొంగ, ఫోను మోగితే చావు కబురు. ఆవిడ భయాలకి ఆయనెప్పుడో అలవాటు పడ్డాడు. కానీ ఇవాళ ఆ గొంతులో ఏదో తేడాగా ఉంది.

“చదువయ్యాక మొదట్లో పద్దెనిమిది వేలిస్తారు,” అంది కూతురు. “వాయిదా ఎనిమిది వేలు. పది మిగులుతుంది.”

“ఇప్పుడొచ్చేది తొమ్మిది. ఇంత చాకిరీ చేసి సంపాదించేది ఒక్క వెయ్యి.”

“వాయిదాలు ఎనిమిదేళ్ళే. తర్వాత అంతా మనదే. పైగా జీతం అక్కడే కూర్చోదుగా.”

“ఎనిమిదేళ్ళు ఎవరు చూడొచ్చారు. అప్పటికి ఎవరికి ఓపికుంటుందో, ఎవరికి ఉండదో.”

తండ్రి గ్లాసు కింద పెట్టాడు.

“మా ల్యాబులో ఆ చదువు చదివిన అబ్బాయొకడు మానేసి ఫోన్లు అమ్ముకుంటున్నాడు,” అంది తల్లి. “ఉద్యోగం పోయింది గానీ అప్పు పోలేదు.”

“అదే ల్యాబులో అదే చదువు చదివిన మేడం సంతకం పెట్టందే ఫ్యాక్టరీవాళ్ళు చుక్క నీరు బయటికి వదల్లేరట. నువ్వే చెప్పావు. ఇప్పుడావిడ మాట ఎత్తవేం?”

“ఆవిడ సంగతి చెప్పడం నా పని కాదు.”

“సరే, నేను చెప్తాగా. రంగు కలిసిన నీళ్ళు పొలాల్లోకి పోకుండా ఆపింది ఆవిడే. అలాంటి పనికి అప్పు చేస్తే తప్పా?”

“ఆ మురుగు తొట్ల దగ్గర నిలబడి గాలి పీల్చాలి. ఊపిరాడక పడిపోయినవాళ్ళున్నారు.”

“మాస్కులుంటాయమ్మా.”

“కాలేజీకి రానూపోనూ మూడు గంటల బస్సు. ఇంటి పని ఎవరు చేస్తారు?”

“నాన్న చేస్తాడు.”

తండ్రి మాట్లాడకూడదు గనక కళ్ళు మాత్రం పెద్దవి చేశాడు. కూతురు నవ్వింది. తల్లి నవ్వలేదు.

వ్యాను కొన్నప్పుడు కూడా ఇలాగే అయింది. మునిగిపోతాం, వద్దంటే వద్దని గొంతు చించుకున్నది ఆయనే. కొనాల్సిందేనని భార్య. తీర్పు చెప్పింది ఆయన తల్లి. ఆయన ఓడిపోయాడు. ఇవాళ అన్నం పెడుతున్నది ఆ వ్యానే. అలాగని ప్రతిసారీ అప్పు అన్నం పెడుతుందన్న పూచీ లేదు. ఒకసారి కుట్టుమిషన్ల కోసం చేసిన అప్పు నాలుగేళ్ళు పీక్కుతింది.

“ఇంకా ఏమైనా ఉందా?” అంది కూతురు మెల్లగా.

తల్లి కాసేపు ఉల్లిపొరలు వేళ్ళతో పోగు చేసింది.

“పుస్తకం ముట్టుకుని ఎన్నాళ్ళయింది? అక్కడివాళ్ళంతా నిన్నగాక మొన్న పరీక్షలు రాసి వచ్చినవాళ్ళు. వాళ్ళ మధ్య కూర్చుని, చెప్పింది బుర్రకెక్కకపోతే? పరీక్ష తప్పితే?”

“తప్పితే మళ్ళీ రాయడమే. దానికి చస్తామా.”

“అప్పూ మిగులుతుంది, సిగ్గూ మిగులుతుంది. నలుగురూ నవ్వుతారు. ఉన్నచోట ఉండక ఎందుకొచ్చిన ఆశ అంటారు.” ఆవిడ ఉల్లిపొరలు పళ్ళెంలోకి తోసేసింది. “అంతే. ఇంకేం లేవు.”

“నావీ అయిపోయాయి,” అంది కూతురు.

ఇద్దరూ ఆయనవైపు చూశారు. ఆయన లెక్కలన్నీ మరోసారి మనసులో తిప్పాడు. ఎటు తిప్పినా ఆ వెయ్యి వెయ్యిగానే మిగిలింది. ఎనిమిదేళ్ళు ఎనిమిదేళ్ళుగానే ఉన్నాయి. కానీ ఆవిడ చివర చెప్పిన మాటల్లో లెక్క లేదు. అవి ఆయనకి లోపలెక్కడో గుచ్చుకున్నాయి.

“నలుగురూ నవ్వితే నవ్వనీ,” అన్నాడు. “వాళ్ళొచ్చి మన వాయిదాలు కడతారా? సీటు వదలొద్దు. పొద్దున్నే బ్యాంకుకి పోదాం.”

తల్లి రెండు చేతులతో మొహం కప్పుకుంది. కూతురు లేచివెళ్ళి ఆవిడ భుజాల చుట్టూ చేతులు వేసి, “ఇక ఆ సీసాలు ఇంకెవరో కడుక్కుంటారులే,” అంది.

ఆ ఇంట్లో అప్పు ఎవరి కోసమో, వద్దని వాదించాల్సింది వాళ్ళే.