అల్లాబకాష్ ఇంట్లో చెట్టు

“మీ ఇద్దరినీ నేను ఎట్లాగూ టికెట్టు అడగను సాయిబూ. చెట్టుకు మాత్రం లగేజీ కొట్టాల్సిందే” అన్నాడు కండక్టరు.

ఉదయగిరి బస్టాండులో ఆత్మకూరు బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. అల్లాబకాష్ కాళ్ల మధ్య నూనె డబ్బా, డబ్బాలో చెట్టు. దాని తల బస్సు కప్పుకు తగులుతోంది.

“పోయిన తూరి కొట్టలేదే?”

“పోయిన తూరి అది మొక్క. ఇప్పుడు చూడు, మనిషంత ఉండాది.”

పక్కసీట్లో సిద్ధయ్య ముసిముసిగా నవ్వాడు. సీతారామపురం దగ్గర కొండపల్లె అతనిది. మొక్క కూడా అతని పెరట్లోదే. డెబ్భై ఎనిమిది జనవరిలో అల్లాబకాష్ వాళ్ల ఆఫీసరు ఆ పల్లెకు వెళ్లి దాన్ని చూశాడు. చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. వేళ్లు తెగకుండా తవ్వించి, కొమ్మకు ఒక అట్టచీటీ కట్టించి, అల్లాబకాష్ చేతికిచ్చాడు.

“ఆత్మకూరులో దొరగారు దీన్ని కళ్లారా చూడాల. అందాకా ఇది బతికుండాల. ఇది చస్తే నీ ఉద్యోగమూ చస్తాది” అన్నాడు.

ఆఫీసర్లకు మొక్కల మీద మనసైతే నీళ్లు మోసేది కింది ఉద్యోగులే. ఏ శాఖలోనైనా అంతే.

అల్లాబకాష్‌కు ఉన్నది ఒకటే గది. అందులో అతను, భార్య దిల్షాద్ బేగం, ఇద్దరు పిల్లలు, ట్రంకుపెట్టె, కుట్టుమిషను. ఎండ వచ్చేది ఒకే ఒక్క కిటికీలోంచి. కుట్టుమిషను తలుపు వెనక్కి పోయింది. మొక్క కిటికీ కిందికి వచ్చింది.

“మా అమ్మీ వస్తే కాళ్లు చాపుకునే చోటు లేదు. నీ మొక్కకు గాలీ వెలుతురూ కావాల్నా?” అని దిల్షాద్ విరుచుకుపడింది.

“అది పోతే నా ఉద్యోగం పోతాది. అప్పుడు మీ అమ్మీ దగ్గరికే మనమంతా పోవాల.”

ఆ మాట విని ఆమె తలుపు వెనక మిషను ముందుకు పోయి కూర్చుంది. మొక్క మాత్రం ఆ మాట వినలేదు. పగిలిన కడవలో పదిరోజులుండి పసుపుపచ్చగా మారింది, ఆకులు వేలాడేసింది. అల్లాబకాష్‌కు అన్నం సయించలేదు. ఎవరినడగాలి? ఆఫీసరును అడిగితే కొంప మునిగినట్టే. సెలవు పెట్టి, బస్సెక్కి, నేరుగా సిద్ధయ్య ఇంటికే పోయాడు.

సిద్ధయ్య మొదట నమ్మలేనట్టు చూశాడు. తర్వాత జాలిపడ్డాడు. ఎంతైనా తన చేతి మొక్క. వెంటనే బయలుదేరి వచ్చాడు.

“అన్నేసి నీళ్లు పొయ్యబాక సాయిబూ, వేళ్లు కుళ్లిపోతాయి. నూనె డబ్బా తీసుకో. అడుగున నాలుగు బొక్కలు పెట్టి పెంకులెయ్యి. ఎర్రమన్నులో ఎండిన మేక పెంటికలు కలుపు. కొన తుంచు.”

“తుంచితే ఆఫీసరు నన్ను తుంచుతాడు!”

“తుంచితేనే గుబురెక్కతాది. నా మాట ఇను.”

విన్నాడు. గుబురెక్కింది.

వేసవిలో ఉదయగిరిలో బిందె నీళ్లు దొరకడమే గగనం. ఆ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు చెట్టుకు, పిల్లలు మొహం కడుక్కున్న నీళ్లు చెట్టుకు. కాండం లావెక్కినప్పుడల్లా అట్టచీటీ దారం వదులు చేయాలి. చీటీ ఊడితే మళ్లీ ఉద్యోగం సంగతే. ఒకరోజు పక్కింటి మస్తాన్‌బీ మేక వచ్చి రెండు రెమ్మలు కొరికేసింది. కొరికి, సాయంత్రం దాకా గోడవైపు చూస్తూ కదలకుండా నిలబడింది. ఎండదెబ్బ అనుకుని మస్తాన్‌బీ దాని నెత్తిన తడిగుడ్డ వేసింది.

నెలనెలా ఆత్మకూరు ప్రయాణం. సిద్ధయ్య కూడా తప్పకుండా వచ్చేవాడు. దొరగారు మాత్రం చెట్టును చూసిన పాపాన పోలేదు. ఒకసారి ఆయన సెలవు. ఒకసారి ఆయనకు జ్వరం. ఒకసారి ఆయనే బదిలీ. కొత్తగా వచ్చిన దొరగారు గడియారం చూసుకుని, వచ్చే నెల తెమ్మన్నారు. ఇద్దరూ దిల్షాద్ కట్టిచ్చిన పులిహోర చింతచెట్టు కింద కూర్చుని తిని, డబ్బాలోని చెట్టుకు నాలుగు చెంబుల నీళ్లు పోసి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాళ్లు.

ఎనిమిది నెలలు ఇలాగే గడిచాయి. అల్లాబకాష్‌కు ఉద్యోగ భయం తగ్గి చెట్టు మీద మమకారం పెరిగింది. ఆకులకు దుమ్ము పడితే తుడిచేవాడు. డ్యూటీ నుంచి రాగానే పిల్లల కంటే ముందు దాన్నే పలకరించేవాడు. దిల్షాద్ కూడా మెత్తబడి, మిషను మళ్లీ కిటికీ దగ్గరికి జరుపుకుని దాని నీడలో కుట్టుకునేది.

ఈసారి ఆత్మకూరులో దొరగారు ఉన్నారు. జ్వరం లేదు. బదిలీ లేదు. వరండాలో కూర్చుని అల్లాబకాష్ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచాడు. ఇక ఇది తిరిగి ఇంటికి రాదని తెలిసి, తుడిచిన ఆకునే మళ్లీ తుడిచాడు.

“బాగా పెంచినావు సాయిబూ. నా చేతుల్లో కూడా ఇంత ఏపుగా రాలేదు ఎప్పుడూ” అన్నాడు సిద్ధయ్య.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని డబ్బాను మోసుకెళ్లి, దొరగారి బల్ల ముందు దించారు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, అట్టచీటీ మీది నంబరు చదివి, చెట్టును కింది నుంచి పైదాకా చూశారు.

“ఇంత గంజాయి చెట్టును ఇంట్లో పెంచింది నువ్వేనా?” అని మెజిస్ట్రేటుగారు గద్దిస్తే, బోనెక్కిన సిద్ధయ్య చేతులు జోడించి, “నేను పెంచింది జానెడే సామీ, మిగతాదంతా నన్ను పట్టుకున్న ఈ కానిస్టేబులయ్యే పెంచినాడు” అన్నాడు.