ఎర్ర ఇంటూ

"ఇక్కడ ఇంటూ ఎందుకు పెట్టారక్కా?" అన్నాడు పళ్ళ డాక్టరు మ్యాపు మీదికి వంగి, పుచ్చిన పన్ను దొరికినట్టు వేలు పెట్టి చూపిస్తూ.

భోజనాల బల్ల నిండా మ్యాపులే. వచ్చే ఆదివారం గ్లైడర్ క్లబ్బువాళ్ళంతా కలిసి కొండలు దాటి వెళ్ళొస్తున్నారు. మనిషికొకటి చొప్పున ఆమె తయారుచేస్తోంది. గ్లైడరుకి ఇంజను ఉండదు, పైకి లేపే గాలి ఆగిపోతే ఏదో ఒక పొలంలో దిగాల్సిందే. దిగదగ్గ పొలానికి పచ్చ సున్నా, దిగకూడనిదానికి ఎర్ర ఇంటూ. ఏ గుర్తయినా సరే, స్వయంగా వెళ్ళి ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి చూశాకే పెడుతుంది. అందుకే క్లబ్బులో ఆమె గుర్తుకి ఎవరూ ఎదురు చెప్పరు. డాక్టరు కొత్తగా చేరాడు కాబట్టి అడిగాడు.

"గుంతలున్నాయి," అంది.

"ఎప్పుడు చూశారు?"

"మూడేళ్ళయింది."

అతను ఫోను తీసి శాటిలైట్ ఫోటో చూపించాడు. "దీంట్లో ఒక్క గుంత చూపించండి. అరచెయ్యిలా ఉంది. పక్కన ఇల్లు, ఇదిగో పొడుగాటి రేకుల షెడ్డు. ఎవరో ఉంటున్నట్టున్నారు కూడా."

"ఉన్నారు. ఒకాయన, ఒకావిడ, చిన్నపిల్ల."

"మాట్లాడారా?"

"ఆయన మంచినీళ్ళిచ్చాడు. తాగి వచ్చేశాను."

కరెంటు బిల్లు చదివినట్టు చెప్పింది. ఈమధ్య ఏం చెప్పినా అలాగే చెబుతుంది. ఆరేళ్ళ కిందట ఆ కొండలవైపు ఎగిరిన భర్త మళ్ళీ రాలేదు. అడవంతా గాలించారు, మనిషీ దొరకలేదు, గ్లైడరూ దొరకలేదు. మొదట్లో గేటు చప్పుడైతే చాలు, లేచి పరుగెత్తేది. తర్వాత అదీ మానేసింది. తేరుకుందని అందరూ సంతోషించారు. నిజానికి అది తేరుకోవడం కాదు, మొద్దుబారిపోవడం.

డాక్టరు గొంతు తగ్గించాడు. "ఆ కొండలంటే మీకెలా ఉంటుందో తెలుసక్కా. కానీ పోయినేడు మన క్లబ్బులో బ్యాంకు మేనేజరు చెట్ల మీద పడ్డాడు చూడండి, అప్పుడు ఈ పొలం అతనికి కనబడుతూనే ఉందట. మీ ఇంటూ చూసి వదిలేశాడు. ఇప్పటికీ కర్రతోనే నడుస్తున్నాడు."

ఆమె చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ ఆమెతో అనలేదు. బాధ కలగాలి, కలగలేదు.

"పోనీ, రేపు నేనే వెళ్ళి నడిచి చూసొస్తా. మళ్ళీ మీకెందుకు శ్రమ?"

"వద్దు," అంది. ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది.

కిటికీ దగ్గర కూర్చుని మ్యాపులు మడతపెడుతున్న అత్తగారు తలెత్తింది. కొడుకు గెలిచిన కప్పులు ఇప్పటికీ రోజూ తుడిచేది ఆవిడే. ఇంటికి ఎవరొచ్చినా, తన కొడుకు ఇష్టపడ్డ గాల్లోనే కన్నుమూశాడని తలెత్తుకుని చెబుతుంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ బతుకుతోంది. ఆ మాట ఆవిడకి మిగిలితే చాలు, కోడలు ఇంకేమీ కోరుకోలేదు.

"పచ్చ సున్నా పెట్టెయ్యమ్మాయ్," అంది అత్తగారు. "ఆ రోజు మనవాడికి ఇలాంటి చోటు ఒక్కటి దొరికుంటే ఎక్కడో అక్కడ బతికుండేవాడు. ఇంకో తల్లికి ఈ కడుపుకోత ఎందుకు?"

ఆమె అత్తగారి వంక చూసింది. తర్వాత రబ్బరు తీసుకుని ఎర్ర ఇంటూ చెరిపేసింది. పచ్చ పెన్సిలు చెక్కి సున్నా చుట్టింది. ఇంకో మ్యాపు దగ్గరికి లాక్కుంది.

"గుంతల్లేవు," అంది తల దించుకునే. "మంచి పొలం."

డాక్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. రెట్టించి అడగడం బాగుండదనుకున్నాడేమో, మాట మార్చాడు. "మనవాళ్ళెవరైనా దిగితే ఆ ఇంటాయన గొడవ చెయ్యడు కదా?"

"ఏమీ అనడు. నన్నూ ఏమీ అనలేదు."

ఆ రోజు మంచినీళ్ళిచ్చింది ఆమె భర్తే.