దూది నీది, దుమ్ము నాది

పై పేరు ఒక క్యాసెట్‌ది. పాడినవాడు యేసేపు, ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో బేలు, అంటే బిగించి కట్టిన దూది మూట, మోసే హమాలీ. 1986 ఎండాకాలంలో ఆదోని టీకొట్లన్నీ ఆ ఒక్క క్యాసెట్ మీదే బతికాయంటే నమ్మండి!

మిల్లులో పత్తి దుమ్ము మింగి భార్య లింగమ్మ దగ్గుతుంటే చూడలేక కట్టిన పాట అది. షెడ్డుకు కిటికీలు పెట్టించమని ఆడకూలీలు ఎంత మొత్తుకున్నా మిల్లు యజమాని సేటు చెవిన వేసుకోలేదు. క్యాసెట్ల అంగడి రసూల్ సాబ్‌కు ఈ పాట సంగతి తెలిసింది. టేప్‌రికార్డర్ చంకన పెట్టుకొచ్చి, మిల్లు వెనక ఖాళీ జాగాలో యేసేపును కూర్చోబెట్టి, పాడించి పట్టుకుపోయాడు.

మర్నాడు అంగట్లో ఆ క్యాసెట్ పెట్టేసరికి బజారు బజారంతా ఆగిపోయింది.

"దూది నీది దుమ్ము నాది, మిల్లు నీది దగ్గు నాది, బేలు నీది బేజారు నాది!"

అబ్బబ్బా, ఏం వేగం! ఏం గొంతు! మాట మీద మాట, బాండలిలో ప్యాలాల్లా చిటపటమంటున్నాయి. దాన్ని పాట అనాలో మాట అనాలో ఎవరికీ తెలియలేదు. జట్కావాడు బండి దిగి చిందేశాడు. కూరగాయల తిప్పమ్మ తక్కెడ పట్టుకునే ఊగింది. అందరికన్నా పెద్దగా నోరు తెరిచినవాడు మాత్రం యేసేపే.

"ఇది నేనేనా, సాబ్?"

"నువ్వు గాక మీ తాతా?"

"అది కాదు సాబ్, ఆ పొద్దు..."

"ఆ పొద్దూ లేదు, ఈ పొద్దూ లేదు. జనం ఎగబడతాండారు, నోరు మూసుకోప్పా!"

ఇక ఎమ్మిగనూరు శేషప్ప సంగతి. అక్కడ వారపత్రిక నడుపుతాడు. నాటకమైనా, హరికథైనా ఉతికి ఆరేయడమే ఆయన పని. ఒక్కరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. అలాంటి మనిషి ఈ క్యాసెట్ గురించి ఏకంగా మొదటి పేజీలో రాశాడు.

"ఊపిరి తీసుకునే తీరిక కూడా లేని కూలీ బతుకే ఈ వేగం. ఆకలికి సన్నబడ్డ గొంతు ఇది. ఏడుపు పాటలు ఇక చాలు. ఇకమీదట పాటంటే ఇలా పరిగెత్తాలి!"

రసూల్ సాబ్ ఆ పేజీని అంగడి తలుపుకు అంటించాడు. చదువు రానివాళ్లు కూడా దాని ముందు నిలబడి తలలూపారు.

సేటుకు మండిపోయింది. "ఆ గొంతు వీనిది కానే కాదు. యేసేపుది దున్నపోతు గొంతు. ఎవనితోనో పాడించినారు. పాటే దొంగదైతే దగ్గు మాత్రం నిజమా?" అన్నాడు.

ఈ మాట ఎమ్మిగనూరు దాకా పాకింది. శేషప్పకు రోషం పొడుచుకొచ్చింది. అక్కడ జరగబోయే నేత కార్మికుల సభలో యేసేపు అందరి ఎదుటా పాడాలి. అదే వేగం, అదే గొంతు. పాడలేకపోతే తన మెప్పును వెనక్కి తీసుకుంటానని అచ్చేశాడు. అంటే కిటికీల సంగతి కూడా గంగలో కలిసినట్టే.

యేసేపు రసూల్ సాబ్ అంగట్లో కూర్చుని, తన పాటను తనే బడిపిల్లాడిలా వల్లె వేశాడు. మూటలు మోస్తూ పాడాడు. నందవరం బస్సు వెంట పరిగెత్తుతూ పాడాడు. కండక్టరు జాలిపడి బస్సు ఆపించాడు కూడా. ఇంటికొచ్చేసరికి నాలుక మడతపడింది.

"దూది నాది దుమ్ము నీది, మిల్లు నాది దగ్గు నీది..."

పళ్లెం మీద తాళం వేస్తున్న లింగమ్మ పడీపడీ నవ్వింది. "అట్లయితే రేపట్నించి నేను పనికి పోనబ్బా. సేటమ్మనైతిని గదా!"

"నవ్వొద్దే! ఆడ పాడలేకపోతే నీ దగ్గును దొంగ దగ్గంటారు."

లింగమ్మ నవ్వు ఆగిపోయింది. పళ్లెం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మొదట్నుంచి సెప్పు."

సభ రోజు మగ్గాలు ఆపి మరీ జనం వచ్చారు. మైదానం నిండిపోయింది. ముందు వరుసలో శేషప్ప చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తమాషా చూద్దామని సేటు కూడా కారేసుకుని దిగాడు. వేదిక పక్కన యేసేపు గొంతు సవరించుకుని చూస్తే, సేటు అన్న దున్నపోతు గొంతే వచ్చింది. లింగమ్మ అతని భుజం మీది తువ్వాలు లాగి, నడుముకు చుట్టి, మోకాలు ఆనించి గట్టిగా బిగించింది.

"సచ్చినానే!" అన్నాడు యేసేపు. ఆ అరుపు సన్నగా, కీచుమంటూ వచ్చింది.

"అదే! అదే గొంతు! పో, పాడు!"

పాడాడయ్యా! డప్పువాడికి కూడా అందకుండా పాడాడు. ముసలి నేతగాళ్లు లేచి పంచెలు ఎగగట్టి చిందేశారు. చివరి చరణానికి యేసేపు కళ్లు తేలేశాడు గానీ, ఒక్క అక్షరం తప్పలేదు. "కిటికీలు! కిటికీలు!" అని మైదానమంతా ఒక్కటే కేక. షెడ్డుకు కిటికీలు పెట్టిస్తానని సేటు మైకులో చెప్పక తప్పలేదు. లింగమ్మ సంతోషం పట్టలేక పక్కనున్న ముసలమ్మను ఎత్తి తిప్పేసింది.

శేషప్ప వేదిక మీదికి ఉరికి యేసేపును వాటేసుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"శోకాలు ఎవరైనా పాడతారప్పా! ఈ పరుగు నీకెట్ల తట్టింది? రేపు పేపర్లో రాయాల, సెప్పు!"

యేసేపు తువ్వాలు వదులు చేసుకుని, కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"నేను పాడింది శోకమే సార్, రికార్డు సేసిన పొద్దు బ్యాటరీ సెల్లు అయిపోవస్తే టేపు మెల్లగా ఈడ్సుకుంటా తిరిగింది, అంగట్లో కరెంటు మీద పెట్టేసరికి నా ఏడుపు అట్ల పరిగెత్తింది!"