తలుపు చూసిన ముఖం

ఆ రోజుల్లో హైదరాబాద్ టోలిచౌకిలో ప్రతి తలుపుకీ కన్నూ నోరూ ఉండేవి. ఇంటివాళ్ళు వస్తే "ఇంటి మనిషి" అంటూ తెరుచుకునేది. మిగతావాళ్ళను "బయటి మనిషి" అని నిలబెట్టేది. ఉగాండా చిత్రకారిణి నకిమేరా ఇంట్లో ఎల్లవ్వ ఏళ్ళ తరబడి వంట చేస్తున్నా, నకిమేరా వచ్చి తలుపు తీసేదాకా రోజూ గుమ్మం బయట నిలబడాల్సిందే.

నకిమేరా ఒక పెద్ద ముఖం గీసి, ఆరడానికి వరండాలో తలుపుకెదురుగా ఆనించింది. బుగ్గలు నీలం, నుదురు పసుపు. కళ్ళు ఎల్లవ్వవి, ముక్కు వాచ్‌మన్‌ది, గడ్డం కంపాలాలో ఉన్న తన తల్లిది.

"ఎవలదమ్మా గీ మొకం?" అనడిగింది ఎల్లవ్వ.

"మనది," అంది నకిమేరా.

తలుపు రాత్రింబవళ్ళు ఆ ముఖాన్నే చూసింది. వారం తిరిగేసరికి ఎవరొచ్చినా అందులో ఏదో పోలిక పట్టి "ఇంటి మనిషి" అనసాగింది. మొదటిసారి ఆ మాట విన్న ఎల్లవ్వ, ఇంకెవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూసింది.

ఇంటి ఓనరు మండిపడ్డాడు. "గిట్లయితే దొంగ గూడ ఇంటి మనిషే అయితడు!" అని మెకానిక్‌ను పంపాడు.

"ఇంటి మనిషి," అంది తలుపు, మెకానిక్‌ను చూసి. ఊళ్ళో తలుపులన్నీ బాగుచేసే అతన్ని ఏ తలుపూ ఎప్పుడూ అలా పిలవలేదు. అతను చెప్పులు విడిచి లోపలికొచ్చి, సామాన్ల సంచీ దించాడు.

"ఏం ఖరాబైందవ్వా?"

"ముందుగాల కూసో బిడ్డా," అంది ఎల్లవ్వ, మంచినీళ్ళు అందిస్తూ. "ఇంటి మనిషిని నిలవెట్టి మాట్లాడిస్తరా?"