సభకొచ్చిన బొమ్మలు

కాకినాడ కథల సభకి జనం విరగబడి వచ్చారు. వచ్చారంటే, అందరూ ఇళ్లలోనే ఉండి తమ వెలుగుబొమ్మల్ని పంపించారు. అచ్చం మనుషుల్లా ఉండే ఆ బొమ్మలు వేళకి చప్పట్లు కొడతాయి, "ఆహా" అంటాయి. అధ్యక్షులవారికి శాలువా కప్పబోతే అది ఆయనలోంచి జారి కుర్చీలో పడింది.

భ్రమరాంబ మాత్రం తన తొలి కథ చదవడానికి స్వయంగా వచ్చింది. రెండో పేజీకే ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. వాక్యానికో "ఆహా" వినిపిస్తోంది గానీ, అసలు ఒక్కరైనా వింటున్నారా?

అంతలో వెనక వరసలో ఎవరో నోరంతా తెరిచి ఆవలించారు.

బొమ్మలు ఆవలించవు! భ్రమరాంబ చదవడం ఆపేసి అటు పరుగెత్తింది.

"ఏమీ అనుకోకండమ్మా," అన్నాడు అక్కడున్న బట్టతల పెద్దాయన, కంగారుగా. "కథ బాగానే ఉందండీ. అందులో వాన ఎంతకీ వెలవకపోతేనూ, కాస్త కునుకొచ్చిందండీ."

"అయితే విన్నారన్నమాట!"

"ఆయ్, వినకపోతే నిద్దరెలా వత్తాదండీ?"

భ్రమరాంబ పకపకా నవ్వి, కలం తీసి కథలోని వానలో సగం అక్కడే కొట్టేసింది. తర్వాత కుర్చీలో పడున్న శాలువా తెచ్చి పెద్దాయన భుజాల మీద కప్పింది.

ఈసారి జారలేదు.